పెరటి కోళ్ళు, బాతుల పెంపకం

ఇంటి పెరటిలో, కుటుంబ సభ్యుల తీరిక వేళల శ్రమతో, కొద్ది సంఖ్యలో కోళ్ళను, బాతులను పెంచడాన్ని పెరటి కోళ్ళ పెంపకం అంటారు. సాధారణముగా ఒక కుటుంబం వద్ద 5 నుండి 20 వరకు పక్షులు ఉంటాయి. ఇవి పగటి వేళ పెరటిలో తిరిగి గింజలు, పురుగులు, లేత గడ్డి ఏరుకొని తిని, సాయంత్రానికి గూటికి చేరతాయి. వేల సంఖ్యలో పక్షులను షెడ్లలో ఉంచి, కొన్న దాణాతో పెంచే బ్రాయిలర్, లేయర్ పరిశ్రమకు ఇది పూర్తిగా భిన్నమైనది.

ఈ పెంపకంలో లాభనష్టాలు ఒక కోడి ఎన్ని గుడ్లు పెట్టినది అన్నదాని కంటే, లేచిన పిల్లలలో ఎన్ని బ్రతికి పెద్దవి అయినవి అన్నదానిపై ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. ఉదాహరణకు ఒక నాటు పెట్ట సంవత్సరానికి 3 సార్లు, సారికి 12 గుడ్ల చొప్పున పొదిగినదని అనుకొందాం. సారికి 9 పిల్లలు లేచినచో మొత్తం 27 పిల్లలు అవుతాయి. వీటిలో మూడవ వంతు మాత్రమే దక్కితే ఇంటికి మిగిలేవి 9. మూడింట రెండు వంతులు దక్కితే 18. పెట్ట మారలేదు, గుడ్లు పెరగలేదు, అయినా ఫలితం రెట్టింపయినది. గూడు, మేత, టీకాలు, శుభ్రత అనే విషయాలన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి.

చరిత్ర

పెంపుడు కోడికి మూలం ఆగ్నేయాసియా అడవులలోని ఎర్ర అడవి కోడి. దీని శాస్త్రీయ నామము గాలస్ గాలస్. 2022లో ప్రచురితమైన పరిశోధనల ప్రకారం, పెంపుడు కోళ్ళవని నిశ్చయముగా చెప్పదగిన ఎముకలలో అతి పురాతనమైనవి థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట లభించాయి. ఇవి క్రీ.పూ. 1650 - 1250 మధ్య కాలానికి చెందినవి. వరి, చిరుధాన్యాల సాగు మొదలయిన తరువాత, పొలాలలో రాలిన గింజల కోసం అడవి కోళ్ళు మనుషుల సమీపానికి వచ్చి క్రమముగా మచ్చికయ్యాయని ఈ పరిశోధకులు భావించారు. దక్షిణ భారతదేశపు అడవులలో కనిపించే బూడిదరంగు అడవి కోడికి కూడా ఇందులో కొంత పాత్ర కలదు. నేటి అనేక కోళ్ళ కాళ్ళకు, చర్మానికి గల పసుపు రంగు ఈ అడవి కోడి నుండి సంక్రమించినదని 2008లో జన్యు పరీక్షల ద్వారా తేలినది.

పెంపుడు బాతులలో అధిక భాగం మల్లార్డ్ అనే అడవి బాతు సంతతికి చెందినవి. మస్కవీ బాతు మాత్రం దక్షిణ, మధ్య అమెరికాలకు చెందిన వేరొక జాతి.

తెలుగునాట కోడి సాహిత్యములోను, సామెతలలోను స్థిరపడిన పక్షి. పల్నాటి యుద్ధానికి దారి తీసిన సంఘటనలలో నాయకురాలు నాగమ్మకు, బ్రహ్మనాయుడికి మధ్య జరిగిన కోడిపందెం ప్రసిద్ధమైనది. "నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదా" అనే సామెత, తన వల్లనే లోకం నడుస్తున్నదనుకొనే వారి గురించి చెప్పేది. పూర్వం పల్లెలో కోడి కూతే గడియారం, కుంపటే నిప్పుకు ఆధారం. బాతుల పెంపకం కృష్ణా, గోదావరి డెల్టాలలోను, నెల్లూరు ప్రాంతములోను ఎక్కువ. వరి కోతలయ్యాక బాతుల మందలను చేలలోకి తోలి, రాలిన గింజలను, నత్తలను, పురుగులను మేపడం ఇక్కడ వాడుక.

కోడికి, బాతుకు గల భేదములు

కొత్తగా పెంచేవారు రెండింటినీ ఒకే పద్ధతిలో చూడడం వల్ల ఎక్కువ నష్టపోతారు. ముఖ్యమైన భేదాలు ఇవి:

* కోడిగుడ్డు 21 రోజులలో పిల్ల అవుతుంది. బాతుగుడ్డుకు 28 రోజులు, మస్కవీ బాతు గుడ్డుకు సుమారు 35 రోజులు పడుతుంది.
* కోడి ఎత్తున అడ్డకర్ర మీద నిద్రిస్తుంది. బాతు నేల మీదనే నిద్రిస్తుంది.
* కోడికి పొడి నేల ప్రాణం. బాతు తాను ఉన్న చోటును తడి చేస్తుంది. రెండింటినీ ఒకే గూటిలో మూస్తే ఆ తడిలో కోడిపిల్లలకు రక్తపారుడు వ్యాధి సులభముగా సోకుతుంది.
* కోడి పగటి వేళ ఎప్పుడైనా గుడ్డు పెట్టవచ్చును. బాతులు ఎక్కువగా తెల్లవారుజామున పెడతాయి. అందువలన బాతులను ఉదయం 9 గంటల వరకు గూటిలోనే ఉంచాలి. లేనిచో గుడ్లు చెరువు గట్టునో, పొదలలోనో పోతాయి.
* నాటు కోడిగుడ్డు సుమారు 40 గ్రాములు, బాతుగుడ్డు సుమారు 65 - 75 గ్రాములు తూగుతుంది.
* 8 - 10 కోడిపెట్టలకు ఒక పుంజు, 5 - 6 ఆడ బాతులకు ఒక మగ బాతు సరిపోతాయి. ఆడ బాతులు లేని చోట మగ బాతును కోళ్ళతో కలిపి ఉంచరాదు. అది పెట్టలను గాయపరుస్తుంది.

తినడానికి గుడ్లు మాత్రమే కావలసినచో పుంజుతో పని లేదు. పుంజు లేకున్నను పెట్ట గుడ్లు పెడుతుంది. అయితే ఆ గుడ్లు పొదగడానికి పనికిరావు.

జాతులు

నాటు కోడి: ఊరకోడి, ఇంటికోడి అని కూడా అంటారు. సంవత్సరానికి సుమారు 50 - 60 గుడ్లు పెడుతుంది. ఈ సంఖ్య తక్కువగా కనిపించడానికి కారణం కోడి బలహీనత కాదు. 12 - 15 గుడ్లు పెట్టగానే అది పొదుగుకు కూర్చుంటుంది, తరువాత రెండు మూడు నెలలు పిల్లలను వెంట తిప్పుకొంటుంది. ఆ కాలమంతా గుడ్లు పెట్టదు. కొనకుండానే మందను పెంచే సామర్థ్యం దీని ప్రత్యేకత.

అసీల్: ఆంధ్ర ప్రదేశ్, ఒడిషా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలకు చెందిన దేశవాళీ జాతి. పొడవైన కాళ్ళు, బలమైన దేహం, పోరాట స్వభావం కలది. గుడ్లు తక్కువ. డేగ, కాకి, నెమలి మొదలైన రంగు పేర్లతో పిలిచే పందెం కోళ్ళు ఈ జాతివే. జంతువుల మధ్య పోరాటాలను నడపడం జంతు హింస నిరోధక చట్టం, 1960 ప్రకారం నేరము.

కడక్‌నాథ్: మధ్య ప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు నల్ల కోడి. దీని చర్మం, మాంసం కూడా నల్లగా ఉంటాయి. 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది.

వనరాజా, గ్రామప్రియ: హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కొరకు రూపొందించిన రకాలు. వనరాజా మాంసానికి, గుడ్లకు కూడా పనికివస్తుంది. పెరటిలో సంవత్సరానికి 100కు పైగా గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ ముఖ్యముగా గుడ్ల రకం, సుమారు 160 - 180 గుడ్లు పెడుతుంది. ఈ రకాలు సాధారణముగా పొదుగుకు కూర్చోవు. పైగా ఇవి సంకర రకాలు కావడం వల్ల, వీటి గుడ్లను పొదిగించి పిల్లలను తీసినా తల్లి గుణాలు పూర్తిగా రావు. కనుక మంద తగ్గినప్పుడల్లా పిల్లలను కొనవలసి ఉంటుంది.

బాతులు: ఖాకీ కాంప్‌బెల్ ఇంగ్లాండులో రూపొందిన గుడ్ల రకం. మంచి పోషణలో సంవత్సరానికి 300 వరకు గుడ్లు పెడుతుంది. తెల్ల పెకిన్ చైనాకు చెందిన మాంసపు రకం. ఇండియన్ రన్నర్ పేరులో ఇండియా ఉన్నప్పటికీ, అది ఇండోనేషియా దీవుల నుండి వచ్చినది. కేరళలోని కుట్టనాడు ప్రాంతపు చార, చెంబల్లి బాతులు దేశవాళీ రకాలు.

పొదిగించడం

పొదుగుకు వచ్చిన పెట్ట గూటిని వదలదు, దగ్గరకు వెళ్తే ఈకలు నిక్కబొడుచుకొని గుర్రుమంటుంది. దానికి గంపలోనో, వెడల్పాటి మట్టి పాత్రలోనో ఎండుగడ్డి పరచి, చీకటిగా ఉండే మూలలో 10 - 12 గుడ్లు పెట్టాలి. గుడ్లు వారం రోజుల లోపు పెట్టినవై, పగుళ్ళు లేనివై ఉండాలి. రోజుకు ఒక్కసారి పెట్ట లేచి మేత తిని, నీరు త్రాగి, రెట్ట వేసి తిరిగి కూర్చుంటుంది. దానిని ఆ సమయములో తొందరపెట్టరాదు.

7వ రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు వెనుక టార్చి లైటు పెట్టి చూస్తే, పిండం ఉన్న గుడ్డులో సాలెగూడు వంటి ఎర్రని నరాలు కనిపిస్తాయి. ఏమీ కనిపించనివి వట్టి గుడ్లు. వాటిని తీసివేయాలి. లేనిచో మురిగి, పగిలి, మంచి గుడ్లను కూడా చెడగొడతాయి.

ఖాకీ కాంప్‌బెల్ వంటి బాతులు పొదగవు కనుక, వాటి గుడ్లను నాటు కోడి కింద పెట్టడం పల్లెలలో పాత పద్ధతి. బాతుగుడ్లు పెద్దవి కాబట్టి 6 - 8 మాత్రమే పెట్టాలి. మొత్తం 28 రోజులు కోడి ఓపికగా కూర్చోవడానికి మేత, నీరు దగ్గరగా ఉంచాలి. ఈ విధముగా లేచిన బాతుపిల్లలు నీటిని చూడగానే దిగిపోతాయి. గట్టు మీద తల్లికోడి కంగారుగా అరుస్తూ తిరుగుతుంది. ఆమె కంగారులో కొంత నిజం లేకపోలేదు. తల్లిబాతు దేహం నుండి అంటే నూనె వీటి నూగుకు ఉండదు కనుక, త్వరగా తడిసి చలికి చనిపోతాయి. మొదటి కొన్ని వారాలు వీటిని లోతు నీటిలోకి వదలరాదు.

పిల్లల పోషణ

పిల్లల మరణాలలో ఎక్కువ భాగం మొదటి ఎనిమిది వారాలలో సంభవిస్తాయి. తల్లికోడి లేకుండా కొని తెచ్చిన పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడ్ వెచ్చదనం కావాలి. తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఇందుకు బల్బును వాడేవారు గమనించవలసిన విషయం ఒకటి కలదు. ఎల్.ఇ.డి. బల్బు వెలుతురు ఇస్తుందే గాని వేడి ఇవ్వదు. పాత రకపు తీగ బల్బు గాని, వేడినిచ్చే ప్రత్యేక దీపం గాని వాడాలి. గడ్డికి, గుడ్డలకు తగలకుండా గట్టిగా కట్టాలి.

ఉష్ణమాపకం లేకున్నను పిల్లలే సమాధానం చెబుతాయి. బల్బు కింద గుంపుగా ముడుచుకొంటే చలి, దూరముగా పోయి నోరు తెరిస్తే వేడి, అంతటా తిరుగుతూ తింటూ ఉంటే సరిపోయినదని అర్థం. నీటి పాత్ర లోతు తక్కువగా ఉండాలి. లోతుగా ఉన్నచో గులకరాళ్ళు వేయాలి. లేనిచో కోడిపిల్లలు మునిగి చనిపోతాయి.

తల్లికోడితో ఉన్న పిల్లలను కూడా మొదటి కొన్ని వారాలు ఎక్కువ సమయం పెద్ద గంప కింద ఉంచి మేపడం మంచిది. గద్ద, కాకి, పిల్లి, ముంగిస, కుక్క, పాము వీటికి శత్రువులు.

గూడు

గూడు అందంగా ఉండనవసరం లేదు. రాత్రి శత్రువు దూరకుండా, వాన నీరు చేరకుండా, గాలి ఆడేటట్లు ఉంటే చాలు. ఒక కోడికి సుమారు 2 చదరపు అడుగులు, బాతుకు 3 - 4 చదరపు అడుగుల స్థలము కావాలి. నేల మీద 2 - 3 అంగుళాల మందాన వరి ఊక పరచి, తడిసినప్పుడు మార్చాలి. కోళ్ళకు అడ్డకర్రలు, 5 పెట్టలకు ఒకటి చొప్పున గుడ్లు పెట్టే పెట్టె అమర్చాలి. పలుచని కోళ్ళ వల కోళ్ళను లోపల ఉంచగలదు గాని కుక్కను బయట ఉంచలేదు. కనుక తలుపుకు, కింది భాగానికి గట్టి ఇనుప జాలీ వేయాలి. రోజూ చీకటి పడగానే లెక్కపెట్టి మూయడం అన్నిటికంటే ముఖ్యమైన పని. ఒక్క రాత్రి మరచినా మంద మొత్తం పోవచ్చును.

కోళ్ళకు చెమట పట్టదు. ఎక్కువగా నోరు తెరిచి ఒగర్చడం ద్వారా అవి వేడిని పోగొట్టుకొంటాయి. తెలంగాణ, రాయలసీమలలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులలో చెట్టు నీడ, మట్టి పాత్రలలో చల్లని నీరు, గూటి పైకప్పు మీద తడిపిన గడ్డి తప్పనిసరి.

మేత, నీరు

పెద్ద కోడికి రోజుకు సుమారు 100 - 120 గ్రాముల మేత అవసరం. పెరటిలో తిరిగి కొంత సంపాదించుకొంటుంది కనుక, సాయంత్రం గూటికి చేరే వేళ 30 - 50 గ్రాముల గింజలు వేస్తే చాలును. నూకలు, జొన్నలు, సజ్జలు, మొక్కజొన్న రవ్వ, తవుడు వాడవచ్చును. మాంసకృత్తుల కొరకు వేరుశనగ చెక్క, ఎండుచేపల పొడి, అజొల్లా, మునగాకు పనికివస్తాయి. పాత మట్టికుండలో తడిపిన గడ్డి, పేడ నింపి, చెదలు ఉన్న చోట రాత్రి బోర్లించి ఉంచితే తెల్లవారేసరికి చెదలు చేరతాయి. ఇవి కోడిపిల్లలకు చక్కని ఆహారం.

గుడ్లు పెట్టే పక్షులకు సున్నపు పదార్థం కావాలి. నత్తగుల్లల పొడి గాని, బాగుగా ఎండబెట్టి పొడి చేసిన గుడ్డు పెంకులు గాని విడిగా ఒక చిప్పలో ఉంచాలి. ఇది తక్కువైతే పెంకు పలుచబడి, గుడ్లు గూటిలోనే పగులుతాయి.

బాతు మేతను నీటితో కలిపి మింగుతుంది కనుక, మేత ఉన్నంత సేపు పక్కన నీరు ఉండి తీరాలి. ఈదడానికి చెరువు లేకపోయినా ఫరవాలేదు. ముక్కు, కళ్ళు మునిగేంత లోతు గల తొట్టి ఉంటే చాలు. బాతుపిల్లలకు కోడిపిల్లల కంటే నియాసిన్ అనే విటమిను ఎక్కువగా కావాలి. అది తక్కువైతే కాళ్ళు వంకరపోయి కుంటుతాయి. తవుడులో ఈ విటమిను సమృద్ధిగా ఉన్నది.

బూజు పట్టిన మేతను ఏ పక్షికీ వేయరాదు, ముఖ్యముగా బాతులకు. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చనిపోయాయి. బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు వలన పుట్టిన విషం ఇందుకు కారణమని తరువాత కనుగొన్నారు. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. బాతుపిల్లలు ఈ విషానికి త్వరగా లొంగిపోతాయి. వానకాలంలో తడిసిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న పారవేయడం వలన కలిగే నష్టం, మందను పోగొట్టుకొనే నష్టం కంటే ఎంతో తక్కువ.

వ్యాధులు, టీకాలు

పెరటి కోళ్ళను తుడిచిపెట్టే వ్యాధులలో మొదటిది కొక్కెర తెగులు. దీనికి రాణిఖేత్ వ్యాధి అని, న్యూకాజిల్ వ్యాధి అని కూడా పేర్లు కలవు. నేటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ పట్టణం పేరిట భారతదేశంలో ఆ పేరు స్థిరపడినది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన విరేచనాలు, నోరు తెరిచి శ్వాసించడం, మెడ మెలితిరగడం, కాళ్ళు, రెక్కలు పడిపోవడం దీని లక్షణాలు. వ్యాధి వచ్చిన తరువాత మందు లేదు. ముందుగా టీకా వేయించడమే మార్గము. సాధారణముగా పాటించే క్రమం ఇది:

* 5 - 7 రోజుల వయసులో: లసోటా లేదా ఎఫ్ రకం టీకా, కంటిలో ఒక చుక్క.
* 6 - 8 వారాల వయసులో: కోళ్ళ మశూచి టీకా.
* 8 - 10 వారాల వయసులో: ఆర్2బి రకం కొక్కెర తెగులు టీకా, సూది ద్వారా. దీనికి వారం ముందు నట్టల మందు తాగించడం మంచిది.
* బాతులకు 8 - 12 వారాల వయసులో: డక్ ప్లేగు టీకా.

ప్రాంతాన్ని బట్టి మార్పులు ఉండవచ్చును కనుక స్థానిక పశు వైద్యుని సలహా తీసుకోవాలి.

పెరటి కోళ్ళకు టీకాలు అందకపోవడానికి ముఖ్య కారణం ఖరీదు కాదు, సీసా పరిమాణం. ఒక్కొక్క సీసాలో పదుల నుండి వందల కోళ్ళకు సరిపడే మందు ఉంటుంది. కలిపిన తరువాత ఒకటి రెండు గంటలలో వాడివేయాలి, అంతవరకు చల్లగా ఉంచాలి. పది కోళ్ళున్న ఇంటివారు ఒక్కరే సీసా కొంటే మిగిలినదంతా వృథా. వీధిలోని ఇళ్ళవారు కలిసి ఒక రోజు నిర్ణయించుకొని, అందరి కోళ్ళను తెల్లవారుజామున గూటిలో ఉండగానే పట్టి వేయించుకొంటే ఖర్చు నామమాత్రమవుతుంది. పైగా ఒక ఇంట వేసి పక్క ఇంట వేయకపోతే వ్యాధి ఆ వీధిలో తిరుగుతూనే ఉంటుంది.

బర్డ్ ఫ్లూ - కుటుంబ ఆరోగ్యం

భారతదేశంలో బర్డ్ ఫ్లూ మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ వద్ద కోళ్ళలో బయటపడినది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో కోళ్ళు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. అదే సంవత్సరం ఆంధ్ర ప్రదేశ్‌లో ఒక చిన్నారి హెచ్5ఎన్1 వైరస్ సోకి మరణించినది. మనుషులకు ఇది సోకడం అరుదు, కాని సోకినచో ప్రమాదకరము. వ్యాధి నిర్ధారణ అయిన చోటు నుండి ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్ళను, బాతులను, పెరటివైనా సరే, ప్రభుత్వం చంపివేయిస్తుంది.

బాతులలో ఈ వైరస్ ఉన్నా చాలాసార్లు లక్షణాలు కనబడవు. ఆరోగ్యంగా కనిపించే బాతు పక్కనున్న కోళ్ళకు వ్యాధిని అంటించవచ్చును. కోళ్ళకు, బాతులకు వేరువేరు గూళ్ళు, వేరువేరు నీటి పాత్రలు ఉండాలనడానికి ఇది మరొక కారణం. కుటుంబం పాటించవలసిన నియమాలు:

* పక్షులను, గుడ్లను, గూటిని ముట్టుకొన్న తరువాత సబ్బుతో చేతులు కడగాలి. గూటిలోకి వెళ్ళే చెప్పులు వేరుగా ఉంచాలి.
* ఐదేళ్ళ లోపు పిల్లలు కోడిపిల్లలను ముద్దు పెట్టుకోరాదు. చూడటానికి ఆరోగ్యంగా ఉన్న పిల్లల నుండి కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి సోకి విరేచనాలు, జ్వరం వస్తాయి.
* మాంసం, గుడ్లు పూర్తిగా ఉడికించి తినాలి. పచ్చి మాంసం పిల్లల చేతికి ఇవ్వరాదు.
* అకస్మాత్తుగా ఒకటి కంటే ఎక్కువ పక్షులు చనిపోయినచో వాటిని కోయరాదు, అమ్మరాదు, కాలువలో పారవేయరాదు. పశు వైద్యశాలకు తెలియజేయాలి.

కుటుంబానికి, పిల్లలకు ఉపయోగములు

ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అయితే పల్లెలలో ఇంటి కోడిగుడ్డు పిల్లల పళ్ళెం కంటే ముందు అంగడికి చేరడం కద్దు. కోళ్ళ మీద వచ్చే సొమ్ము సాధారణముగా ఇల్లాలి చేతిలో ఉంటుంది, పిల్లల పుస్తకాలకు, మందులకు అక్కరకు వస్తుంది. ఇంట్లో ఎన్ని తినాలి, ఎన్ని అమ్మాలి అన్నది ముందుగా అనుకొని, పిల్లల వంతు తీసిన తరువాతనే అమ్మడం మేలు.

పనులను వయసును బట్టి పంచుకోవచ్చును. గుడ్లు ఏరడం, సాయంత్రం కోళ్ళను లెక్కపెట్టడం పిల్లలు చేయగలరు. నీరు మార్చడం, గూడు శుభ్రం చేయడం పెద్ద పిల్లలకు అప్పగించవచ్చును. ఒక నోటు పుస్తకంలో తేదీ, గుడ్ల సంఖ్య, మేత ఖర్చు, లేచిన పిల్లలు, చనిపోయినవి, కారణం అనే గడులు గీసి వ్రాయిస్తే, వారికి గణితం, జీవశాస్త్రం రెండూ ఒకే చోట అబ్బుతాయి. ఆరు నెలల తరువాత ఆ పుస్తకమే ఎక్కడ నష్టం జరుగుతున్నదో చూపుతుంది.

పేరు పెట్టి పెంచిన పుంజును పండుగకు కోసినప్పుడు పిల్లలు బాధపడటం సహజం. ఏవి మాంసానికి, ఏవి గుడ్లకు అన్న సంగతి పక్షులను తెచ్చిన రోజే పిల్లలకు చెప్పడం ఉత్తమం. గుడ్లు పెట్టడం మానిన పెట్టలను ఏమి చేయాలన్నది కూడా ముందుగానే ఆలోచించుకోవాలి.

పట్టణాలలో

పట్టణాలలో పెంచదలచినవారు ముందుగా పురపాలక సంఘం నియమాలను, ఇరుగుపొరుగు వారి అభిప్రాయాన్ని తెలుసుకోవాలి. పుంజు లేకుండా నాలుగైదు పెట్టలను ఉంచితే తెల్లవారుజామున కూత సమస్య ఉండదు. మస్కవీ బాతులు ఇతర బాతుల వలె పెద్దగా అరవవు. రెట్టను రోజూ తీసి, ఎండుటాకులతో కలిపి కొన్ని నెలలు మాగబెడితే వాసన రాదు, మొక్కలకు మంచి ఎరువు అవుతుంది. పచ్చి రెట్టను నేరుగా వేస్తే మొక్కల వేళ్ళు మాడిపోతాయి. ఊరికి వెళ్ళవలసి వచ్చినప్పుడు పక్షులను చూసే మనిషి ఉన్నారా లేదా అన్నది, కొనడానికి ముందే ఆలోచించవలసిన విషయము.

ఇవి కూడా చూడండి

* కోడి
* బాతు
* కోడిగుడ్డు
* కోడిపందెం
* బర్డ్ ఫ్లూ